రాచబాట, పందెపుబాట

హైదరాబాదు పాతబస్తీకి తూర్పున, మూసీనదికి దక్షిణపు గట్టున మలక్‌పేట కలదు. అంతకు పూర్వము మౌలాలీలో జరుగుచుండిన గుఱ్ఱపు పందెములను 1886వ సంవత్సరమున ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ఈ మలక్‌పేటకు మార్పించెను. నడుమ కొంతకాలము అవి సికిందరాబాదునకు తరలిపోయినను, 1968లో మరల మలక్‌పేటకే చేరుకొనినవి. నేటికిని అచట పందెములు సాగుచున్నవి. ప్రభువు తలచుకొనినచో చార్మినారు ముందటి రాచబాటపైననే గుఱ్ఱములను పరుగెత్తింపవచ్చును, అడ్డగించువాడెవడు? అయినను పందెమునకొక ప్రత్యేక స్థలము, దాని చుట్టునొక కంచె ఏర్పడినవి. గుఱ్ఱము పరుగెత్తుచోట బాలుడు ఆడుకొనరాదు, బాలుడు ఆడుకొనుచోట గుఱ్ఱము పరుగెత్తరాదు అను చిన్న సత్యమే ఆ కంచెకు పునాది.

వేగమును ప్రేమించుట మానవునకు సహజము. నడక నేర్చిన మరునాడే బిడ్డ పరుగెత్తజూచును. తెలుగునాట ఎడ్ల పందెములు, కేరళమున పడవ పందెములు తరతరములుగ జనులను అలరించుచున్నవి. కావున వేగమును కోరుట నేరము గాదు. ఆ కోరిక ఎచట, ఎవరి నడుమ, ఏ యేర్పాట్లతో తీర్చుకొనబడుచున్నది యనునదే విచారింపవలసిన విషయము.

ఒకనాటి పాతబస్తీ సందులు వేగమునకు తామే కళ్లెములై యుండెడివి. టాంగా, సైకిలురిక్షా, తోపుడుబండి, పాదచారి కలసి సాగు ఇఱుకుదారిలో వేగముగ పోదలచినను సాధ్యము గాకుండెడిది. ఇటీవల జనుల రాకపోకల సౌకర్యమునకై విశాలమైన పైవంతెనలు వెలసినవి. సంతోష్‌నగరు చెంత ఒవైసీ కూడలి వంతెన 2021 డిసెంబరులోను, బహదూర్‌పురా వంతెన 2022లోను, ఆరాంఘరు నుండి జంతు ప్రదర్శనశాల వఱకు సుమారు నాలుగు కిలోమీటర్ల పొడవున సాగు వంతెన 2025 జనవరిలోను ప్రారంభమైనవి. పగటివేళ ఇవి ఆసుపత్రికి పోవు రోగికిని, కచేరీకి పోవు ఉద్యోగికిని ఎంతో మేలు చేయుచున్నవి. రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మట, కొందఱు యువకుల కన్నులకు ఇవియే పందెపుబాటలుగ తోచుచున్నవి. మోటారు సైకిళ్లపై ఇరువురు, మువ్వురు ఎక్కి, ముందుచక్రమును గాలిలోనికి లేపి, ఆ విన్యాసమును సెల్‌ఫోనులో బంధించుట ఒక వేడుకయైనది. మోటారు సైకిళ్లే గాక ఆటోరిక్షాలును, అపుడపుడు గుఱ్ఱములును నడిరేయి నగరవీథులలో పందెమునకు దిగిన వార్తలు వెలువడుచునే యున్నవి. ఏటేట నూతన సంవత్సరపు రాత్రి పోలీసులు నగరమందలి పెక్కు పైవంతెనలను మూసివేయుటకు ఈ వేగోన్మాదము ఒక ముఖ్య కారణము.

అయితే పందెపుబాటగ తోచుట వేఱు, అగుట వేఱు. నిజమైన పందెపుబాటపై వాహనములన్నియు ఒకే దిశగ పోవును. ఎదురు వచ్చునది లేదు, అడ్డము దాటునది లేదు. మలుపుల వెలుపల, అదుపు తప్పిన వాహనము తన వేగమును క్రమముగ కోల్పోవుటకై గులకరాళ్ల పఱపో, విశాలమైన మైదానమో విడువబడి యుండును. దానికావల టైర్ల దొంతరలు తాకిడిని తమలో ఇముడ్చుకొనును. అచ్చటచ్చట జెండాలు పట్టిన పర్యవేక్షకులు నిలిచియుందురు. పసుపుపచ్చ జెండా కనిపించిన వేగము తగ్గింపవలెను. ఎఱ్ఱజెండా కనిపించిన పందెము ఆగిపోవలెను. వైద్యుడు, అంబులెన్సు, అగ్నిమాపక సిబ్బంది సిద్ధముగ లేనిచో పందెము ఆరంభమే కాదు. పాల్గొను వాహనము ముందుగ తనిఖీ చేయబడును. నడుపువాడు శిరస్త్రాణమును, రక్షక వస్త్రములను ధరించి, పోటీకి వలసిన అనుమతిని పొందియుండవలెను.

వీథిలోనో? వంతెన యంచున కాంక్రీటు గోడ, దానికావల శూన్యము. దారి నడుమ రాతి విభాజకము, ప్రక్కన దీపస్తంభము, దీపములు ఆర్పి నిలిపియుంచిన లారీ, మొన్నటి వానకు ఏర్పడిన గుంత, హఠాత్తుగ అడ్డము వచ్చు కుక్క. పెండ్లివిందు ముగించుకొని ఆటోలో ఇల్లు చేరుచున్న కుటుంబము. దుకాణము కట్టివేసి తోపుడుబండిని నెట్టుకొనిపోవు పండ్లవర్తకుడు. తెల్లవారుజామున పాలడబ్బాలతో బయలుదేరు శ్రామికుడు. వీరిలో ఏ యొక్కరును పందెమునకు తమ పేరు నమోదు చేయించుకొనినవారు గారు. అయినను పందెము వారిని విడువదు.

ఈ యపాయమును గ్రహించుటకు పాఠశాలలో నేర్పు గణితమే చాలును. వస్తువు వేగము రెట్టింపైనచో దాని గతిశక్తి నాలుగు రెట్లగునని విద్యార్థులు వల్లించుచుందురు. ఆ సూత్రము పుస్తకము విడిచి వీథిలోనికి వచ్చినపుడు దాని యర్థమేమి? గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు వాహనము ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు గడచును. అడ్డంకిని కన్ను చూచి, మనస్సు గ్రహించి, చేయి లేక కాలు బ్రేకును అదుముటకు సుమారు ఒక సెకను పట్టునని అనుకొందము. పొడిగనున్న మంచి రోడ్డుపై బ్రేకు పట్టిన పిమ్మట అది ఆగుటకు మరియొక 14 మీటర్లు కావలెను. వెరసి 28 మీటర్లు. వేగము 100 కిలోమీటర్లయినచో, ఆ ఒక్క సెకనులోనే 28 మీటర్లు గడచిపోవును; బ్రేకు పట్టిన పిదప ఆగుటకు ఇంకను 55 మీటర్లు కావలెను. వెరసి 83 మీటర్లు.

ముప్పది మీటర్ల దూరమున ఒక పిల్లవాడు దారి దాటుచున్నాడనుకొందము. మొదటి వాహనము వాని ముందు ఆగును. రెండవదాని చోదకుడు బ్రేకును తాకునప్పటికే వాహనము వానిని సమీపించి యుండును. దాని వేగము ఇంకను తగ్గుట మొదలిడనే లేదు. ఇచట చోదకుని నేర్పునకు గాని ధైర్యమునకు గాని చోటు లేదు. ఎంతటి ప్రవీణుడైనను ఈ లెక్కను మార్పజాలడు. రాత్రివేళయైనచో కష్టము మరింత హెచ్చును. ఎదుటివారి కన్నులు చెదరకుండుటకై దించిన దీపపు వెలుగు 83 మీటర్ల దూరమును స్పష్టముగ చూపదు. కనబడని దానికొఱకు ఎవడును బ్రేకు పట్టజాలడు గదా.

మరియొక విధముగను ఈ వేగమును కొలువవచ్చును. గంటకు 100 కిలోమీటర్ల వేగముతో గోడను ఢీకొనుట, సుమారు 39 మీటర్ల యెత్తునుండి, అనగా దాదాపు 130 అడుగుల యెత్తునుండి నేలపై పడుటతో సమానము. 1591లో నిర్మింపబడిన చార్మినారు మీనారుల యెత్తు 150 అడుగులకు పైబడినది. ఆ మీనారుపై భాగమున నిలిచి క్రిందికి దుముకుమన్నచో ఏ యువకుడును దుముకడు. చూచినంతనే తల తిరుగును. ఎత్తును చూచి భయపడుట ప్రకృతి నేర్పినది. వేగమును చూచి భయపడుట ప్రకృతి నేర్పలేదు. ఏలయన, మానవుడు తన కాళ్లతో ఎన్నడును అంత వేగముగ పరుగెత్తి యెఱుగడు. ఆ భయమును చదువే నేర్పవలెను.

అయినచో నగరపు రోడ్డు ఎన్నటికిని పందెపుబాట కాజాలదా? కాగలదని హైదరాబాదు నగరమే ఒకమారు నిరూపించినది. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేన్‌సాగరము ఒడ్డునగల రోడ్లపై, విద్యుచ్ఛక్తితో నడుచు కార్లకు ఏర్పడిన ఫార్ములా-ఇ ప్రపంచ పోటీలలో ఒకటి జరిగినది. బాట పొడవు సుమారు 2.8 కిలోమీటర్లు, మలుపులు 18. ఫ్రాన్సు దేశస్థుడైన జాన్ ఎరిక్ వెర్న్ విజయము సాధించెను. అది నిత్యము బస్సులు, స్కూటర్లు తిరుగు తారురోడ్డే. కాని అది పందెపుబాటగ మారుటకు ముందు వాహనముల రాకపోకలు మళ్లింపబడినవి. ఇరుప్రక్కల కాంక్రీటు దిమ్మెలు, వానిపై ఇనుపతీగల కంచెలు నిలుపబడినవి. ప్రేక్షకులకు వేఱుగ ఆసనములు కట్టబడినవి. నగరవాసులకు ఇబ్బంది కలిగినది, విమర్శలును వచ్చినవి. 2024లో జరుగవలసిన రెండవ పోటీ జరుగనే లేదు. అయినను ఆ నాటి యేర్పాట్లవలన ఒక సత్యము స్పష్టమైనది. రోడ్డును పందెపుబాటగ మార్చునది దాని నునుపుదనము గాదు. పందెముతో నిమిత్తము లేనివాడు ఒక్కడును ఆ దారిపై లేకుండుటయే దానిని పందెపుబాటగ మార్చునది.

ఈ సత్యమును ప్రపంచము సులభముగ నేర్చుకొనలేదు. మోటారు కార్లు పుట్టిన క్రొత్తలో పందెములన్నియు ఊళ్లను కలుపు రహదారులపైననే జరుగుచుండెను. 1903 మే నెలలో ప్యారిసు నుండి మాడ్రిడ్ నగరమునకు ఒక పందెము ఆరంభమైనది. దారి పొడవున లక్షలాది జనులు గుమికూడిరి. ధూళిలో ముందున్నది కానరాక కార్లు చెట్లను, మనుష్యులను ఢీకొనినవి. నడుపువారును, చూడవచ్చినవారును మరణించిరి. కార్ల నిర్మాతలలో ప్రసిద్ధుడైన మార్సెల్ రెనో వారిలో ఒకడు. ప్రభుత్వము పందెమును బోర్డో నగరముకడనే ఆపివేసెను. కార్లను గుఱ్ఱములచేత రైలుస్టేషనునకు లాగించిరని చరిత్రకారులు వ్రాసియున్నారు. అంతకు నాలుగేండ్ల పిమ్మట, 1907లో, ఇంగ్లండునందలి బ్రూక్‌లాండ్స్ అనుచోట హ్యూ లాక్ కింగ్ అను భూస్వామి తన స్వంత భూమిలో, మోటారు పందెములకే ప్రత్యేకముగ ఒక బాటను నిర్మించెను. ఆ దేశపు రోడ్లపై అపుడు గంటకు 20 మైళ్లకు మించి పోరాదని చట్టము. రోడ్డుపై చట్టమును ధిక్కరించుటకు మారుగ, వేగమునకొక వేఱు స్థలము కల్పింపబడినది.

ఆ పిమ్మటను రహదారి పందెములు పూర్తిగ అంతరింపలేదు. ఇటలీలో 1927 నుండి బ్రెషా నగరమునకును రోమునకును నడుమ మిల్లె మిల్యా అను పందెము సుమారు 1,600 కిలోమీటర్ల దూరము పల్లెలనుండి, పట్టణములనుండి సాగుచుండెను. 1957 మే 12వ తేదీన ఒక కారు టైరు పగిలి, దారిప్రక్కన నిలిచిన జనులమీదికి దూసుకొనిపోయెను. కారులోని ఇరువురును, చూచుచున్న తొమ్మండుగురును మరణించిరి. ఆ తొమ్మండుగురిలో అయిదుగురు పిల్లలు. అంతటితో ఆ పందెము ముగిసినది. ఆ పిల్లలు చేసిన తప్పు తమ యూరి రోడ్డుప్రక్కన నిలుచుటయే.

పందెపుబాటపై అపాయమే లేదనుకొనుట మాత్రము భ్రమ. 1955లో ఫ్రాన్సునందలి ల మాన్ పందెమున ఒక కారు ప్రేక్షకుల నడుమకు ఎగిరిపడి ఎనుబది మందికి పైగ మరణించిరి. 1994లో ఇటలీయందలి ఇమోలా బాటపై మూడు పర్యాయములు ప్రపంచ విజేతయైన అయర్టన్ సెన్నా ప్రాణములు కోల్పోయెను. మన దేశముననే 2023 ఆగస్టులో చెన్నపట్టణపు చెంతనున్న పందెపుబాటపై, మోటారు సైకిలు పోటీలో పాల్గొనిన 13 సంవత్సరముల బాలుడు మరణించెను. తక్కిన పోటీలు రద్దుచేయబడినవి. అంత చిన్నవయసువారిని అట్టి పోటీలకు అనుమతింపవచ్చునా యను ప్రశ్న పెద్దల నుద్దేశించినది, దానిని దాటవేయరాదు.

కాని బాటపై ఒక మరణము జరిగినచో అచట విచారణ జరుగును, కారణము అన్వేషింపబడును, మరునాటి బాట నిన్నటి బాటకంటె కొంత సురక్షితమగును. 2018 నుండి ఫార్ములా-వన్ కార్లలో నడుపువాని తలపై ఒక లోహపు కమాను తప్పనిసరియైనది. 2020 నవంబరులో బహ్రెయిన్ బాటపై రొమేన్ గ్రోజాన్ కారు కంచెను చీల్చుకొనిపోయి రెండు ముక్కలై మంటలలో చిక్కుకొనినది. ఆ లోహపు కమాను అతని శిరస్సును కాపాడినది. మొదటి చుట్టున కార్ల వెనువెంట వైద్యుని కారు పోవుట ఆ పందెముల నియమము. అందువలన వైద్యుడు క్షణములలో అచట నుండెను. అరనిమిషము లోపున గ్రోజాన్ కాలిన చేతులతో, ప్రాణములతో వెలికి వచ్చెను. అతనిని బ్రతికించినది అదృష్టము మాత్రమే గాదు. అంతకు ముందు మరణించినవారి వలన నేర్చిన పాఠములు. వీథిపందెము ఏ పాఠమును నేర్వదు. ప్రమాదము జరిగినంతనే తోడి పందెగాండ్రు చీకటిలో కలసిపోవుదురు. మరునాటి రాత్రి అదే వంతెన, అదే దీపస్తంభము, మరియొక యువకుడు.

కేంద్ర రహదారుల మంత్రిత్వశాఖ లెక్కలనుబట్టి 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. నూటికి డెబ్బది యొక్క మరణములకు అతివేగము కారణముగ నమోదైనది. ఇవి యన్నియు పందెములవలన కలిగినవి గావు. కాని వేగము ఎంతటి ప్రాణహారియో తెలిసికొనుటకు ఈ లెక్క చాలును. సామాన్యమైన అతివేగమే ఇంత చేటు తెచ్చుచుండగ, గెలుపు కాంక్షతో ఉద్దేశపూర్వకముగ పెంచిన వేగమును గూర్చి వేఱుగ చెప్పనేల?

చట్టమును ఈ విషయమున స్పష్టముగనే యున్నది. 1988 మోటారు వాహనముల చట్టము 189వ సెక్షను ప్రకారము, రాష్ట్ర ప్రభుత్వపు లిఖితపూర్వకమైన అనుమతి లేనిదే బహిరంగ స్థలమున వేగపు పోటీ జరుపరాదు, అందు పాల్గొనరాదు. 2019 సవరణ పిమ్మట తొలి నేరమునకు మూడు నెలల వఱకు ఖైదు గాని, 5,000 రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. మరల చేసినచో ఒక సంవత్సరము ఖైదు, 10,000 రూపాయల జరిమానా వఱకు పోవును. పదునెనిమిదేండ్లు నిండని బాలుడు వాహనము నడిపి నేరము చేసినచో తండ్రికి లేక వాహనపు యజమానికి మూడేండ్ల వఱకు ఖైదు, 25,000 రూపాయల జరిమానా కలవు. ఆ బాలునికి ఇరువదియైదేండ్లు నిండువఱకు లైసెన్సు లభింపదు. కొడుకు ముచ్చట తీర్చుటకై తాళపుచెవి చేతికిచ్చు తండ్రి ఈ చివరి మాటను గుర్తుంచుకొనవలెను.

ఇచట చట్టము వాడిన "అనుమతి" అను మాట గమనింపదగినది. చట్టము వేగమును నిషేధింపలేదు; అనుమతి లేని వేగమును నిషేధించినది. ప్రభుత్వపు అనుమతి ఒక్కటే గాదు, దానికి మూలమైనది మరియొకటి కలదు: అపాయమునకు గురియగు ప్రతివాని సమ్మతి. పందెపుబాటపై నడుపువాడు అపాయము నెఱిగి, తన యిష్టముతో దిగుచున్నాడు. వీథిలో పండ్లవర్తకుని, పాలవాని, ఆటోలోని పసిబిడ్డను ఎవ్వరును అడుగలేదు. తన ప్రాణమును పణముగ నొడ్డువాడు సాహసి యనిపించుకొనవచ్చును; ఒరుల ప్రాణమును వారికి తెలియకయే ఒడ్డువాడు సాహసి యెట్లగును?

అయితే యువకులను నిందించి ఊరకుండుటయు న్యాయము గాదు. మోటారు పందెములకై ఏర్పడిన స్థిరమైన బాటలు మన దేశమున వ్రేళ్లపై లెక్కింపదగినవి. చెన్నపట్టణము, కోయంబత్తూరు, ఢిల్లీ చెంతనున్న గ్రేటర్ నోయిడా ఆ కొలదివానిలోనివి. పాతబస్తీలో యంత్రశాలయందు పనిచేసి, నెలనెల వాయిదా చెల్లించి మోటారు సైకిలు కొనిన యువకునికి అవి దూరము. ప్రయాణపు ఖర్చు, దుస్తుల ఖర్చు, ప్రవేశరుసుము అతనికి మోయరాని భారము. "పందెపుబాటకు పొమ్ము" అని ఉపదేశించుట సులభము. దారి చూపనిదే ఆ యుపదేశము నిష్ఫలము. నగరపు వెలుపల ఒక చిన్న బాట, నెలకొక దినము తక్కువ రుసుముతో శిక్షణ, అద్దెకు శిరస్త్రాణములు, నేర్పరియైన బోధకుడు అను ఈ మాత్రపు ఏర్పాట్లు ప్రభుత్వమునకు గాని, మోటారు వాహనములు చేసి అమ్ము సంస్థలకు గాని అసాధ్యములు గావు. అట్టి చోట నేర్చిన యువకుడు మొదట తెలిసికొనునది యేమనగా, పందెమున గెలుచువాడు బ్రేకు పట్టనివాడు గాదు. ఎచట పట్టవలెనో ఎఱిగినవాడు.

ఆ దినము వచ్చులోపల ఉపాధ్యాయులు చేయదగిన పని యొకటి కలదు. దానికి ధనము అక్కఱలేదు. పాఠశాల మైదానమున ఒక కొలతటేపుతో, ఒక సున్నపు గీతతో బయలుదేరు స్థానమును గుర్తించి, అచటినుండి 28 మీటర్లకడ ఒక గీతయు, 83 మీటర్లకడ మరియొక గీతయు గీయింపవలెను. మైదానము చాలనిచో గోడకావల వీథిలో ఆ రెండవ గీత ఎచట పడునో ప్రక్కనుండి చూపవలెను. ఒక విద్యార్థిని మొదటి గీతకావల నిలిపి, తక్కినవారిని బయలుదేరు స్థానము నుండి వానిని చూడుమనవలెను. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో వచ్చిన వాహనము ఆ బాలుని ముంగిట ఆగును. 100 కిలోమీటర్ల వేగముతో వచ్చినది ఆగదు. తమ తరగతిలో తమ ప్రక్కన కూర్చుండు మిత్రుడే ఆ రెండు గీతల నడుమ నిలిచియున్నాడని కన్నులార చూచిన విద్యార్థి, వంతెనపై మోటారు సైకిలు పిడి త్రిప్పుటకు ముందు ఒక్క క్షణమైనను ఆలోచించును. అనేకుల ప్రాణములు ఆ యొక్క క్షణముపై ఆధారపడి యున్నవి.